గేరులో ఉండిపోయిన బండి

నారాయణమూర్తి ఆ గోడ కట్టకపోయి ఉంటే జగన్నాధానికి ఈ ఇనప తొట్టితో పనే ఉండేది కాదు. లారీ ఇంటికి వచ్చేది. లారీతోపాటు మనిషీ ఇంటికి వచ్చేవాడు. పెరట్లో మునగచెట్టు పక్కన బండి నిలబెట్టి, కాళ్ళు కడుక్కుని, పెళ్ళాం గౌరి పెట్టిన అన్నం తిని, తన మంచం మీద తను నడుం వాల్చేవాడు. మేడలు అడిగాడా, మిద్దెలు అడిగాడా? ఆపాటి సుఖం చూసి కూడా ఓర్వలేకపోయాడు నారాయణమూర్తి.

పరాయివాడైతే పోనీలే అనుకోవచ్చు. గౌరికి పెదనాన్న కొడుకు. ఆరో తరగతి మానేసి జగన్నాధం లారీ ఎక్కిన రోజుల్లో స్టీరింగు ముందు కూర్చున్నది నారాయణమూర్తే, పక్కన క్లీనరుగా కూర్చున్నది జగన్నాధం. అలాంటి మనిషి, తను రాయపూరు లోడు వేసుకువెళ్ళి తిరిగొచ్చేసరికి, సందు మొదట్లో ఆరడుగుల గోడ లేపేశాడు. గోడకి ఆనించి లోపల వంటగది కూడా కట్టేశాడు. "నా జాగాలో నాను కట్టుకున్నాను" అన్నాడు. జగన్నాధం పెరట్లోకి ఆ సందే దారి. మూల ఖాళీగా ఉన్నప్పుడు లారీ ఒక్క విసురులో తిరిగేది. ఇప్పుడు మూతి దూరుతుంది, పొట్ట దూరదు.

అప్పట్నుంచీ లారీ పడక మెయిన్ రోడ్డు మీద పెట్రోలు బంకు పక్కన. లారీ పడక అంటే జగన్నాధం పడక కూడా అక్కడే. ఒంటరిగా వదిలేస్తే తెల్లారేసరికి బ్యాటరీ ఉండదు, ట్యాంకులో డీజిలు ఉండదు. బంకు నుంచి ఇంటికి వెళ్ళి నాలుగు మెతుకులు తిని రావడానికైనా ఒక బైకు కావాలి. ఆ బైకు లారీ ఎక్కడికెళ్తే అక్కడికి రావాలి. అందుకే సాలూరులో వెల్డింగు షెడ్డు నడిపే సంజయ్ ఫోనులో ఏదో వీడియో చూసి, చాసీ వెనక ఒక పలకల గొట్టం అతికించి, దాంట్లోకి దూరే ఇంకో గొట్టం చేసి, దాని చివర తొట్టి పెట్టి ఇచ్చాడు. బైకు ముందు చక్రాన్ని తొట్టిలోకి ఎక్కించి పటకాలతో బిగిస్తే, వెనక చక్రం రోడ్డు మీద దొర్లుకుంటూ లారీ వెనకాలే వస్తుంది. లోడు మీద జాగా అక్కర్లేదు. మొదటిసారి చూసినవాళ్ళందరిదీ ఒకటే మాట: "ఏటి మావా, లారీకి తోక మొలిసినాదేటి?"

జగన్నాధం నవ్వేవాడు కాదు. తోక చూసిన ప్రతిసారీ అతనికి గోడ కనిపించేది.

మాటలు కూడా గోడతోనే ఆగాయి. వాళ్ళ ఊరు గంటివలసలో మాటలు లేని మనుషులకి ఒక పద్ధతుంది. ఎదుటివాడికి చెప్పక తప్పని సంగతి వస్తే వాడికి చెప్పరు. గోడకో గొడ్డుకో చెంబుకో చెబుతారు, వాడికి వినబడేలా. దాన్ని 'గోడకి సెప్పడం' అంటారు. "ఓ గోడా, కుళాయి తిప్పీసి కొందరు ఎల్లిపోనారే" అని ఒకావిడ అంటే, ఆ కొందరు వచ్చి కుళాయి కట్టేసి పోతారు. జగన్నాధం, నారాయణమూర్తి అలాగే నెట్టుకొస్తున్నారు. తగువు పెట్టిన గోడకే ఇద్దరూ చెప్పుకోవలసి రావడం చూసి ఊరు ముసిముసిగా నవ్వుకుంది.

నవ్వనీ. సోమవారం సర్వేయరు వస్తుంది. జగన్నాధం పెట్టుకున్న అర్జీ ఇన్నాళ్ళకి కదిలింది. కొలిచి రాళ్ళు పాతాక ఆ గోడని ఎవడు నిలబెడతాడో చూడాలి. ఆ సోమవారం కోసమే అతను కేబిన్‌లో దోమలతో కాపురం చేస్తున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం సెమిలిగుడలో క్యాబేజీ బస్తాలు ఎత్తించుకుని ఘాటీ దిగుతున్నాడు జగన్నాధం. సరుకు రాజాం మార్కెట్‌కి. బస్తాలు కేబిన్ కంటే ఎత్తు లేచాయి, పైన టార్పాలిన్, టార్పాలిన్ మీద తాళ్ళు. తొట్టి మాత్రం ఖాళీ. బైకుని గౌరి తమ్ముడు పొద్దున్నే పట్టుకుపోయాడు.

సుంకి దాటాక మూడో మలుపులో రోడ్డు వారగా ఒక బైకు నిలబడి ఉంది. దాని పక్కన గోనెమూట, మూట మీద ఒక మనిషి. తలకి చుట్టిన తువ్వాలు చూడగానే జగన్నాధానికి తెలిసిపోయింది. ఆ చుట్టడం గంటివలస మొత్తానికీ ఒకడికే వచ్చు.

దాటేశాడు. దాటేసి, అద్దంలో చూడకూడదనుకుని, చూశాడు. మూట మీది మనిషి చెయ్యి ఎత్తలేదు. లారీని గుర్తుపట్టాడు, తల తిప్పుకుని లోయలోకి చూస్తున్నాడు.

"థూ" అన్నాడు జగన్నాధం. ఘాటీలో ఆగిపోయిన బండిని చూసి చూడనట్టు పోకూడదు. అది సాలూరు లారీలవాళ్ళ కట్టుబాటు. ఎవరిదని అడగరు, ఏ కులమని అడగరు. ఆ కట్టుబాటు తనకి నేర్పినవాడు కూడా ఆ మూట మీదున్నవాడే, అదే కడుపుమంట. రోడ్డు వెడల్పున్న చోట బండి ఆపి, గేరులో వేసి, వెనక చక్రానికి రాయి పెట్టి, పైకి నడిచాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నారాయణమూర్తి బైకు ట్యాంకు మీద చెయ్యేసి దానితోనే అన్నాడు: "ఇంజను పట్టీసినావు. ఆయిలు సూసుకోనేదు నాను. నీ తప్పేటి నేదే."

జగన్నాధం కింద ఆగిన తన లారీవైపు చూసి గొంతు పెంచాడు. "ఓ బండీ! నీ మీద జాగా నేదు. తొట్టయితే ఖాళీగానే ఉన్నాది. ఎవులికైనా గావాలంటే కట్టుకోవొచ్చు."

 తరవాత నారాయణమూర్తి లేచి, బైకు స్టాండు తీసి, దించుకుంటూ బయల్దేరాడు. మూట అక్కడే వదిలేశాడు. జగన్నాధం దాన్ని భుజానికెత్తుకున్నాడు. పచ్చి అల్లం. సంతలో కొన్నట్టున్నాడు.

కట్టడం మాత్రం మాటల్లేకుండానే చక్కగా జరిగింది. ఒకే లారీ మీద పనిచేసిన చేతులు అవి. ఒకడు హ్యాండిలు పట్టుకుంటే ఇంకొకడు వెనక నుంచి నెట్టాడు. ముందు చక్రం తొట్టిలో పడగానే జగన్నాధం పటకా వేశాడు, నారాయణమూర్తి కొస అందుకుని అవతలి కొక్కేనికి తగిలించాడు. ఒకడు బిగించాడు, ఒకడు తట్టి చూశాడు. హ్యాండిలు తాళం తీసి ఉందా లేదా అని నారాయణమూర్తి చూశాడు, అది తిరుగుతుంటేనే మలుపుల్లో బైకు లారీ వెంట ఒంగుతుంది. జగన్నాధం వంగి గేరు న్యూట్రల్‌లోకి తన్ని, వెనక చక్రాన్ని చేత్తో తిప్పాడు. తిరిగింది. ఇంజను పట్టేసిన బైకు న్యూట్రల్‌లో ఉన్నంతసేపే సైకిలు. గేరులో పడిందంటే వెనక చక్రం రాయి అయిపోతుంది.

"సక్రం తిరగతన్నాది బండీ" అన్నాడు లారీతో.

"ఊఁ" అన్నాడు నారాయణమూర్తి, బైకుతో.

కేబిన్ నిండా అల్లం వాసన. జగన్నాధం రెండో గేరులో బండిని ఆపుకుంటూ దిగుతున్నాడు. అద్దంలో బైకు బుద్ధిగా వస్తోంది. పక్కనున్న మనిషి ప్రతి మలుపు దగ్గరా కుడికాలు నేలకేసి నొక్కుతున్నాడు, అక్కడ బ్రేకు ఉన్నట్టు. పాత డ్రైవరు పక్క సీట్లో కూర్చుంటే అంతే. జగన్నాధానికి నవ్వొచ్చింది, మింగేశాడు.

పాచిపెంట దాటాక అతనే మొదలెట్టాడు. "ఓ బండీ, సోమారం నాడు గొలుసులూ మిషన్లూ వస్తాయే. కొందరి గోడల సంగతి తేలిపోద్ది."

నారాయణమూర్తి అద్దానికి వేలాడుతున్న నిమ్మకాయ దండవైపు చూశాడు.  తరవాత అన్నాడు: "ఓ బండీ, వంటిల్లు కూల్సీస్తే అమ్మడు ఎక్కడ ఒండుతాదే? వానొస్తే గొడుగు పట్టుకుని ఒండేది అది. పొయ్యి ఆరిపోతే ఏడిసేది."

అమ్మడు అతని భార్య. జగన్నాధానికి చెల్లెలి వరస. సందులోంచి వెళ్తుంటే ఒకప్పుడు "అన్నియ్యా, టీ తాగెల్లు" అని పిలిచేది. ఇప్పుడు తలుపు చాటుకి తప్పుకుంటుంది.

జగన్నాధం గేరు మార్చాడు, కావలసినదానికంటే గట్టిగా.

సాలూరు వెనకబడింది. గంటివలస బంకు దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. బంకు దగ్గర మెయిన్ రోడ్డు ఎత్తు మీద ఉంటుంది, ఊళ్ళోకి దిగే సిమెంటు రోడ్డు అక్కడ నుంచి వాలుగా మొదలవుతుంది. జగన్నాధం ఆ వాలులో బండి ఆపి, గేరులో వేసి, బంకు కుర్రాడితో, ఈ రాత్రి బండి ఇక్కడ పడుకోదు, సరుకు రాజాం పోతుంది అని చెప్పడానికి దిగాడు. వచ్చేసరికి నారాయణమూర్తి కూడా దిగి, వెనక బైకు దగ్గర ఏదో సర్ది, తిరిగి కేబిన్ ఎక్కుతున్నాడు. ఏం సర్దావని జగన్నాధం అడగలేదు. ఏం సర్దాడో నారాయణమూర్తి చెప్పలేదు. మాటలుంటే కదా.

ఊళ్ళోకి దిగుతుంటే జగన్నాధం మనసులో ఒక చెడ్డ ఆలోచన పుట్టింది. వీడిని వీధిలోనే దించి పోవచ్చు. దించకూడదు. బండిని సందులోకి తిప్పాలి. మూతి దూరి పొట్ట ఇరుక్కుంటుంటే కేబిన్‌లో కూర్చుని చూడాలి వీడు. ఇన్నాళ్ళూ తను పడ్డది వీడి కళ్ళతో వీడే చూడాలి.

పోలమ్మ గుడి మైకులో పాట మోగుతోంది. వీధిలో ఎవరో చేతులూపుతున్నారు. తోకబండిని చూసి వెక్కిరిస్తున్నారనుకున్నాడు. కాసేపటికి ముక్కుకి ఏదో తగిలింది, అల్లం కాదు, మాడిన వాసన.

నారాయణమూర్తికీ తగిలింది. "ఓ బండీ, నీ క్లచ్చు ప్లేట్లు పోతన్నాయి గావాల" అన్నాడు.

జగన్నాధానికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నా క్లచ్చుకేటీ అవ్వనేదే బండీ! మొన్ననే మార్పించినాను. కొందరి అల్లం మూట కుళ్ళి ఆ కంపు."

"అల్లం ఎక్కడైనా కాలతాదేటే బండీ?"

"క్లచ్చు కాల్తే బండి లాగతాదేటే బండీ?"

ఇలా వాళ్ళిద్దరూ ఆ నోరులేని లారీని మధ్యలో పెట్టుకుని వాదించుకుంటూ వీధి పొడుగునా వచ్చారు. వెనక జనం పరిగెడుతూ వస్తున్నారు. మూల వచ్చింది. జగన్నాధం స్టీరింగు పూర్తిగా కోసి బండిని సందులోకి తిప్పాడు. మూతి దూరింది. ఎడమ అద్దంలో గోడ అంచు దగ్గరికొస్తోంది. చూడు, బాగా చూడు అనుకుంటూ పక్కకి తిరిగాడు.

నారాయణమూర్తి గోడని చూడటం లేదు. కిటికీలోంచి మెడ బయటపెట్టి వెనక్కి చూస్తున్నాడు. అతని నోరు తెరుచుకుంది.

"ఒరే బావా, ఆపరా! ఆపరా బాబూ, బేగి!"

జగన్నాధం బ్రేకు తొక్కాడు. వెనక ఇటుకలు జారిన చప్పుడు.  అప్పుడు ఇద్దరికీ ఒకేసారి తెలిసింది, ఆ మాట బండితో అన్నది కాదని.

దిగి చూశారు. బైకు వెనక చక్రం గోడ అంచుకి ఒరుసుకుని, మూలనున్న ఇటుక స్తంభాన్ని సగానికి కూలదోసి ఆగింది. టైరు ఒకచోట గుండ్రమే పోయి బల్లపరుపుగా అరిగిపోయింది. దాని వెనక సిమెంటు రోడ్డు మీద నల్లటి గీత. గీత మూల దగ్గర ఒంపు తిరిగి, గుడి ముందునుంచి, రామ్మందిరం పక్కనుంచి, వీధి మధ్యలో తిన్నగా, బంకు దాకా ఎక్కడా తెగకుండా పోయింది.

జగన్నాధం వంగి గేరు లివరు మీద చెయ్యి వేశాడు. గేరులో ఉంది.

"ఎవుడు పెట్టినాడు గేరులో?" అన్నాడు. అడిగాక గాని, తనూ తిన్నగా అడిగేశానని తెలియలేదు.

నారాయణమూర్తి తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. "నానే."

"ఎందుకు పెట్టినావు?"

"వాలు కద బావా" అన్నాడు, చిన్నపిల్లాడు దొరికిపోయినట్టు. "బంకు కాడ వాలులో ఆపినావు. వాలులో ఆపితే గేరులో ఎయ్యాల. కాలే ఎల్లిపోనాది, నాకు తెలీదు."

వాలులో ఆపితే గేరులో వెయ్యాల. క్లీనరు రోజుల్లో ఒకసారి అది మర్చిపోయినందుకు నారాయణమూర్తి తన నెత్తి మీద ఒక మొట్టికాయ వేశాడు. ఆ మొట్టికాయ జగన్నాధానికి ఇప్పుడు గుర్తొచ్చింది. గుర్తురాగానే, పళ్ళు బిగించుకున్నా ఆగకుండా, నవ్వు వచ్చేసింది. ముందు ముక్కులోంచి, తరవాత పొట్టలోంచి.

"గురువా! లారీకి కట్టిన బైకుని గేరులో పెట్టినోడివి నువ్వొక్కడివే!"

"నువ్వు అడగొచ్చు కద, ఏటి సేసినావని?"

"నువ్వు సెప్పొచ్చు కద?"

నారాయణమూర్తి భుజాలు కూడా ఊగడం మొదలెట్టాయి. చుట్టూ చేరిన జనానికి మొదట అర్థం కాలేదు. వంటగదిలోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చిన అమ్మడు, కూలిన ఇటుకల్ని చూసి "ఓలమ్మో" అనబోయి, వాళ్ళిద్దర్నీ చూసి ఆగిపోయింది. "ఓలమ్మో! ఈలిద్దరూ మాటలాడుకుంటన్నారే!" అంది.

నవ్వు ఆగాక నారాయణమూర్తి గోడ దగ్గరికి నడిచాడు. లారీ ముందు చక్రాన్ని చూశాడు, వెనక చక్రాన్ని చూశాడు, నల్లగీత తిరిగిన ఒంపుని చూశాడు. ఒంపు గోడలోకి ఎంత వచ్చిందో చేత్తో కొలిచాడు. నాలుగైదు చాపలు పరిచినంత మేర.

"ఇంతేనేటి?" అన్నాడు.

"ఏటి ఇంతేనేటి?"

"నీకు తిరగడానికి గావాల్సింది ఇంతేనేటి? నాను రెండు సెంట్లూ గావాలేమో అనుకున్నాను. వంటిల్లు కూల్సితే గాని నీ బండి తిరగదనుకున్నాను."

"ఎవుడు సెప్పినాడు నీకలగ? మూల ఒక్కటీ కోసీమని ఎన్నిసార్లు సెప్పినాను!"

"ఎవులికి సెప్పినావు?"

జగన్నాధం గోడవైపు చూశాడు. "గోడకి సెప్పినాను."

"గోడ నాకు సెప్పనేదు బావా" అన్నాడు నారాయణమూర్తి.

ఈసారి ఎవరూ నవ్వలేదు. పొద్దు పూర్తిగా దిగిపోయింది. సరుకు రాజాం చేరాలి. పటకాలు విప్పి, గేరు తప్పించి, బైకుని నారాయణమూర్తి అరుగు దగ్గరికి తోశారు. టైరు అరిగిన చోటు నేలకి తగిలిన ప్రతిసారీ బైకు కుంటింది. జగన్నాధం లారీని వీధిలోకి వెనక్కి లాగి, వీడ్కోలు చెప్పకుండా వెళ్ళిపోయాడు. నవ్వినంత మాత్రాన జాగా తిరిగొచ్చేస్తుందా? దారి పొడుగునా తనకి తాను అదే చెప్పుకున్నాడు. సోమవారం సోమవారమే.

రాజాంలో సరుకు దింపి, లెక్క తేల్చుకుని, తిరిగి శనివారం సాయంత్రానికి బంకు దగ్గరికి చేరాడు. అలవాటు ప్రకారం లారీని బంకు గోడవారగా పెట్టబోతే బంకు కుర్రాడు అడ్డం వచ్చాడు. "ఇక్కడెందుకు మావా? ఇంటికి పట్టుకెల్లిపోమని నీకు సెప్పమన్నారు."

"ఎవుడు?"

"గీత గీసినాయన."

ఊళ్ళో అప్పుడే ఆ పేరు పెట్టేశారు. జగన్నాధం గీత మీదుగానే బండి నడిపాడు. చిన్నపిల్లలు గీత మీద ఒంటికాలితో గెంతుతున్నారు. మూల దగ్గరికొచ్చేసరికి కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోయింది.

గోడ మూల లేదు. నల్లగీత తిరిగిన ఒంపు మేరకి ఎవరో సుత్తితో జాగ్రత్తగా కోసేసి, తెగిన ఇటుకలకి కొత్త సిమెంటు పూశారు. సిమెంటు ఇంకా తడిగా ఉంది. నారాయణమూర్తి గోడ పక్కన తాపీ కడుక్కుంటున్నాడు. తల ఎత్తలేదు.

"నీ కోసం కాదులే" అన్నాడు. "ఇంకోసారి నా బండి గీసుకుపోద్దని."

జగన్నాధం స్టీరింగు కోశాడు. మూతి దూరింది. ఎడమ అద్దంలో గోడ దగ్గరికొచ్చింది, దగ్గరికొచ్చింది, జానెడు దూరంలో ఆగి, వెనక్కి జరిగిపోయింది. పొట్ట దూరింది. ఖాళీ తొట్టి కూడా ఒంపులోంచి తప్పించుకుని వచ్చేసింది. పెరట్లో మునగచెట్టు కొమ్మలు కేబిన్ మీద రాసుకున్నాయి. ఇంజను ఆపాడు.

గౌరి వాకిట్లోకి వచ్చి నిలబడింది. లారీని చూసింది, మొగుణ్ణి చూసింది. లోపలికి వెళ్ళి మంచం మీది బట్టల మూటలు దింపేసింది.

ఆ రాత్రి జగన్నాధం చాలాకాలానికి చెప్పులు విప్పి పడుకున్నాడు. కిటికీ అవతల ఇంజను చల్లబడుతూ టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తోంది. బ్యాటరీ ఎవరు విప్పుతారని లేచి చూడక్కర్లేదు. ఆ చప్పుడు వింటూనే ఎప్పుడు నిద్రపట్టిందో తెలియలేదు. ఆదివారం బారెడు పొద్దెక్కేదాకా పడుకుంటే, "బతికే ఉన్నావేటి?" అని గౌరి కాలు కదిపి చూసింది.

సోమవారం సర్వేయరు పద్మజ వచ్చింది. చిన్న పిల్ల, టోపీ పెట్టుకుంది. మూడు కాళ్ళ కర్ర పాతి, యంత్రం నిలబెట్టి, సందంతా నడిచింది. జగన్నాధం ఉతికిన చొక్కా వేసుకుని వెనకాలే నడిచాడు. నారాయణమూర్తి దూరంగా అరుగు మీద కూర్చున్నాడు, లేవలేదు.

పద్మజ గోడకి ఇవతల ఆగి, యంత్రంలో చూసి, గోడ అవతలికి వెళ్ళింది. వంటగది గుమ్మంలో ఆగింది. "లోపలికి రావచ్చామ్మా?" అంది. అమ్మడు పక్కకి తప్పుకుంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. పద్మజ పొయ్యి పక్కన సుద్దతో గుర్తు పెట్టింది.

బయటికొచ్చి జగన్నాధంతో అంది: "మీరు రాసింది నిజమేనండీ. ఈ పొయ్యి దగ్గర్నుంచి ఇటు గోడ దాకా, మూలతో కలిపి రెండు సెంట్లు. మీదే. రాళ్ళు పాతించమంటారా?"

మీదే. ఈ ఒక్కమాట కోసం ఎన్ని వానలు కేబిన్‌లో కాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు! తను అబద్ధం చెప్పలేదని ఊరందరి ముందూ తేలింది. నారాయణమూర్తి అరుగు మీద తల వంచుకుని, తువ్వాలు అంచు వేలికి చుట్టుకుంటున్నాడు. గుమ్మంలో అమ్మడు గరిటె పట్టుకుని నిలబడింది. కళ్ళు పొయ్యి మీద లేవు, సుద్ద గుర్తు మీద ఉన్నాయి.

జగన్నాధం మూలవైపు చూశాడు. కొత్త సిమెంటు ఆరి తెల్లబడింది. దాని మీద మొన్న తన టైరు చల్లిన మట్టి చుక్కలు. నారాయణమూర్తి కొలత తేలేదాకా ఆగలేదు. తేలకముందే కోసేశాడు. గేరు తప్పించకుండా లాగితే ఏమవుతుందో వీధి పొడుగునా రాసే ఉంది. అరిగేది టైరే, చక్రం తిరగదు.

వెళ్ళి గోడ మీద అరచెయ్యి ఆనించాడు. ఎండకి వెచ్చగా ఉంది.

"ఓ గోడా" అన్నాడు, అందరికీ వినబడేలా, "ఉన్నకాడే ఉండిపో. నిన్ను ఎవుడూ కదపడు."

పద్మజ తికమకగా చూసింది. "ఎవరితో అంటున్నారండీ?"

"నాతోనే అమ్మా" అన్నాడు నారాయణమూర్తి అరుగు మీంచి. 

అమ్మడు చప్పున లోపలికి వెళ్ళిపోయింది. పప్పు గిన్నె మీద మూత పడిన చప్పుడు. కాసేపటికి గుమ్మంలోంచి పిలుపు వినిపించింది: "అన్నియ్యా, టీ తాగెల్లు. అల్లం ఏసినాను."

టీ తాగాడు. ఇద్దరి సమ్మతీ పద్మజ రాసుకున్న చోట సంతకం పెట్టాడు. మూల తనది, మిగతాది వాళ్ళది. నారాయణమూర్తి మొండి టైరు బైకుని మళ్ళీ తొట్టికి కట్టి సాలూరు మెకానిక్కు దగ్గరికి పట్టుకెళ్ళడానికి మర్నాటికి మాటయింది. "గేరు నాను సూస్తాను, నువ్వు దాని జోలికి రాకు" అన్నాడు జగన్నాధం.

సాయంత్రం మునగచెట్టు కింద లారీకి ఆనుకుని బీడీ ముట్టించాడు. గౌరి వచ్చి పక్కన కూర్చుంది. జరిగిందంతా ఆమెకి అప్పటికే అమ్మడు చెప్పేసింది. అయినా అడిగింది.

"ఎంత పోనాదేటి మనకి?"

ఒకళ్ళు అడగడమే చాలన్నట్టు జగన్నాధం వెంటనే మొహం మాడ్చుకున్నాడు. ధర్మంగా తనదే అయిన జాగా. ఊరు చూస్తుండగా తేలిన జాగా. మూల కింద పావు సెంటు వచ్చింది, నిజమే. కాని పోయింది పోయినట్టే. పొగ వదిలి, వెనక్కి వాలి, లారీ చక్రానికి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"సెంటూ ముప్పాతిక" అన్నాడు.